అద్దాల గదిలో చామంతులు

మొన్న చలికాలంలో ఎమ్మిగనూరులో చుట్టాల పెళ్ళికి పోయి ఆటోలో ఆదోనికి తిరిగొస్తున్నాము. పొద్దు గుంకే వేళకు రోడ్డు పక్కన ఒక చేనంతా బల్బులు వెలిగాయి. ఇంకో పెళ్ళి పందిరేమో అనుకున్నాను. దగ్గరికొచ్చి చూస్తే కింద మనుషులు లేరు, బారులు బారులుగా చామంతి మొక్కలున్నాయి. ఆటో ఆపించాను. చామంతులకు దీపాలు పెట్టిన మనిషిని చూడకుండా పోతే నాకు ఆ పూట అన్నం దిగదు. పైగా, పూలు కనపడితే ధర అడగకుండా ముందుకు పోవడం మా వంశంలో లేదు.

"ఏమప్పా, పూలకు దయ్యాల భయమా? ఇన్ని లైట్లేసినావు?"

గట్టు మీద కూర్చున్న రైతు ఫోనులోంచి తలెత్తి నవ్వాడు. "పూలు పుయ్యకుండా ఉండేకి ఏసినామ్మా. రాత్రిళ్ళు పెద్దవయితే చామంతి మొగ్గేస్తాది. లైటేసి పెడితే దానికి రాత్రని తెలీదు. ఇంగా ఎండాకాలమే అనుకోని ఆకులేసుకుంటా పోతాది. రేటొచ్చే దినాలు చూసుకోని ఆర్పేస్తాము. బెంగళూరు పక్కంతా ఇదే కతే."

"లైటు పడితే పుయ్యదా?"

"ఎట్ల పూస్తాదమ్మా?"

ధర అడగడం మర్చిపోయి వచ్చి ఆటోలో కూర్చున్నాను. మా కోడలు నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది. "అత్తమ్మా, జ్వరమొచ్చిందా?"

జ్వరం కాదు. నా చిన్నప్పుడు ఒక టీచరమ్మ చేతి మీద పడిన నిందను ఆ రైతు ఒక్క మాటతో తుడిచేశాడు. తుడుస్తున్నప్పుడు ఆమె పక్కన లేదు, అంతే.

మాది గాజుల అంగడి. ముందు గదిలో వ్యాపారం, వెనక రెండు గదుల్లో కాపురం. గాజుల పెట్టెలు విప్పితే వచ్చే వరిగడ్డి వాసన, లక్క వాసన, దాదీ వేసే ఊదు పొగ, ఇవన్నీ కలిసి మా ఇంటి వాసన. దాదీ అంటే మా నాన్నమ్మ. నాన్నను అబ్బా అనేవాళ్ళం. అబ్బా నాకు కుర్‌ఆను కంటే ముందు బేరం నేర్పించాడని దాదీ ఆయన్ను తిట్టేది. "గిరాకీ లేచి నిలబడితే భయపడొద్దు. చెప్పులేసుకుంటే అప్పుడు తగ్గు," అనేవాడు ఆయన. నేను దాన్ని తిరగేసి వాడుకున్నాను. బడి ముందర రేగుపండ్లమ్మే అవ్వ దగ్గర మాట మాటకూ చెప్పులేసుకునేదాన్ని. లెక్కల పరీక్షలో అర మార్కు కోసం టీచరు వెంట నీళ్ళ తొట్టి దాకా పోయేదాన్ని. ఇప్పటికీ మా వీధి కూరగాయల బండివాడు నన్ను చూస్తే పక్క సందులోకి తిప్పుకుంటాడు.

నేను చదివింది ఆదోనిలోనే, మిషను వాళ్ళ ఆడపిల్లల హైస్కూల్లో. ఆ బడి వెనక ఒక అద్దాల గది ఉండేది. ఎప్పుడో ఒక దొరసాని తన దేశం పూలు పెంచుకోవాలని కట్టించుకుందట. మా ఊరి ఎండకు లోపల పెట్టిన మొక్కలన్నీ ఉడికిపోయాయట. ఆమె పోయిన తర్వాత అద్దాలకు సున్నం కొట్టి, పైన గోనెపట్టాలు కప్పి, విరిగిన బెంచీలు పడేశారు. గది వెనక గోడ, గోడకవతల దూది మిల్లు.

ఆ గదిని బాగు చేయించింది మా క్రాఫ్ట్ టీచరమ్మ. రోజూ పొద్దున ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చేది. సన్నటి మనిషి, మాట మాత్రం గట్టిది. ఆమె భర్త మగ్గం నేసేవాడు. దగ్గు పట్టుకుని మగ్గం దిగిపోయి అప్పటికి చాలా కాలమైంది. ఇద్దరు పిల్లలు. ఆమెది పర్మినెంటు ఉద్యోగం కాదు. ఇదంతా మాకు ఎలా తెలుసంటే, ఆమే చెప్పింది. వానాకాలం మొదట్లో మమ్మల్నందరినీ ఆ గదిలో నిలబెట్టి అన్నది:

"దాచుకునేకి ఏముంది, వినండి. క్రిస్మసుకు గుడికీ, మన హాలుకూ చామంతి కుండీలు ఈ గదిలోంచే పోవల్ల. పోతే నన్ను పర్మినెంటు చేస్తామన్నారు కరస్పాండెంటు అయ్యగారు. పోకుంటే గదీ ఉండదు, క్రాఫ్టు పీరియడూ ఉండదు, నేనూ ఉండను. ఎవరికన్నా ఎగతాళిగా ఉంటే ఇప్పుడే బయటికి పోండి."

ఎవరూ పోలేదు. క్రాఫ్టు పీరియడంటే ఆ ముందు ఏడాది దాకా జేబురుమాళ్ళ అంచులు కుట్టడం. మట్టిలో చేతులు పెట్టే పని ఎవరికి చేదు?

చామంతి పిలకలు ఆమే తెచ్చింది, తడి గోనెగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని. మేము ఎర్రమట్టీ, పెంటా జల్లించి కుండీలు నింపాము. ఎరువుకని బుడ్డల చెక్క, అదే వేరుశనగ చెక్క, నానబెట్టిన కుండ మూత తీస్తే ముక్కు పగిలేది. ఆ కంపులోనే కూర్చుని మధ్యాహ్నం అన్నాలు తినేవాళ్ళం, ఎందుకంటే సున్నమూ, గోనెపట్టాలూ ఉండబట్టి బడి మొత్తంలో చల్లగా ఉండే చోటు అదొక్కటే. టీచరమ్మ డబ్బాలో ఎప్పుడూ జొన్నరొట్టె, గురెళ్ళ కారం. తుంచి తలా ఒక ముక్క మా చేతుల్లో పెట్టేది. "నీకు రెండు ముక్కలిస్తే హాస్టలు నుంచి బియ్యం కడిగిన నీళ్ళు తెస్తావా?" అని నన్నడిగేది. "మూడు," అనేదాన్ని. మా ఊళ్ళో నీళ్ళకు ఎప్పుడూ కరువే. హాస్టలు వంటామెతో నేను కుదుర్చుకున్న ఒప్పందం ఏమిటంటే, ఆమెకు అబ్బా అంగట్లో విరిగిన గాజుముక్కలు ముగ్గులకు ఇవ్వడం, ఆమె మాకు కడుగునీళ్ళు పారబోయకుండా ఉంచడం.

దసరా సెలవులు దగ్గర పడ్డాయి. అప్పుడు వచ్చింది చిక్కు. పగిలిన అద్దంలోంచి ఒక మేక దూరి ఒక వరస వరసంతా కొరికి పోయింది. సెలవుల్లో ఎవరు కాపలా ఉంటారు? మా వాచ్‌మన్ పొద్దు గుంకితే కనపడడు. మిల్లు వాచ్‌మన్ మాత్రం రాత్రంతా గోడ వెంట తిరుగుతాడు. మా గది మీద వెలుతురుంటే అతనే చూస్తాడు గదా అని టీచరమ్మకు తోచింది. మిల్లులో దూది కుప్పల మీద పెద్ద లైట్లుంటాయి. ఒకదాని మొహం మా పక్కకు తిప్పించాలి. అడగడానికి ఒంటరిగా పోలేక నన్ను వెంటబెట్టుకుని పోయింది.

మిల్లు గుమాస్తా వక్కాకు నములుతూ తల ఎత్తాడు. "ఏంమ్మా టీచరమ్మా, మళ్ళా కంప్లైంటా? సైరను మెల్లగా కుయ్యమంటే అది ఇంటుందా?"

"కంప్లైంటు కాదన్నా, చిన్న సాయం..." అని ఆమె మొదలుపెట్టింది.

సాయం అన్నామంటే బేరం మునిగినట్టే. ఆమె కొంగు లాగి నేను ముందుకొచ్చాను. "అన్నా, మీ దూది ఎగిరొచ్చి మా బడి మీద పడతాంది."

"పడితే?"

"మా టిఫిను డబ్బాల్లో పడతాంది. అన్నమేదో దూదేదో తెలీకుండా ఉండాది. హెడ్మిస్ట్రెస్ అమ్మ పైకి రాస్తానంటాంటే మేమే వద్దులేమ్మా, పక్కపక్కనుండేటోళ్ళమని ఆపినాము."

ఇదంతా ఎప్పుడు జరిగిందన్నట్టు టీచరమ్మ నా వైపు చూసింది. గుమాస్తా వక్కాకు నమలడం ఆపాడు.

"నీకేం కావల్లో చెప్పమ్మే."

"మీ యార్డులో లైటు. ఒగదాని మొగం మా అద్దాల గది పక్కకు తిప్పండి."

"తిప్పితే నా దూదికి చీకటయితాదే."

"ఇంగోటి కట్టుకోండన్నా. ఇంత మిల్లు పెట్టినోళ్ళకు ఒగ బల్బు బరువా?"

ఆయన పగలబడి నవ్వాడు. "ఎవరి బిడ్డవే నువ్వు? గాజులంగడి ఆయన బిడ్డవా? అనుకుంటి. సరే పో, తిప్పిస్తాలే."

నేను చెప్పులేసుకుని మళ్ళీ తిరిగాను. "కొసరు?"

"లైటుకు కొసరేందే!"

"నడి రాత్రికి ఆర్పేస్తే ఒప్పుకోము. తెల్లారేదాకా వెలగల్ల."

"అట్లనే తల్లీ, పోయిరా."

బయటికొచ్చాక టీచరమ్మ గోడకానుకుని కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. "బేరాల బేగం!" అన్నది. ఆ పేరు ఆ సాయంత్రానికే బడంతా పాకింది. నేను చానా దినాలు దాన్ని నగలాగా వేసుకుని తిరిగాను. మరుసటి రోజు మిల్లు వైపు అద్దాల మీద సున్నమంతా మేమే గోకేశాము, వాచ్‌మన్‌కు కుండీలు బాగా కనపడాలని. ఇంత వెలుతురు ఇంకే పూలకూ దక్కి ఉండదు.

సెలవులయ్యాక వచ్చి చూస్తే గది నిండా పచ్చదనం. ఒక్క ఆకు ఎవరూ తాకలేదు. మొక్కలు మా నడుము దాకా పెరిగాయి. వేరే క్లాసుల పిల్లలు అద్దాలకు ముక్కులానించి చూసేవాళ్ళు. టీచరమ్మ ఒక్కో కుండీ దగ్గర ఆగి కొసలు విప్పి చూసేది, మొగ్గ కోసం. "ఇంగో వారం," అనేది. వారం పోయేది. "చలి పడనీ," అనేది. చలి పడింది. ఊళ్ళో అందరి ఇళ్ళ ముందరా చామంతులు మొగ్గ తొడిగాయి. మా గదిలో మాత్రం ఆకు మీద ఆకు.

అప్పుడు మొదలయ్యాయి సలహాలు. చెక్కనీళ్ళు ఎక్కువయ్యాయని ఒకరు, తక్కువయ్యాయని ఒకరు. పుల్లమజ్జిగ పోయమని వంటామె. పోశాము. దిష్టి అని దాదీ ఒక నిమ్మకాయ, మిరపకాయలు దారానికి గుచ్చి ఇచ్చింది. శిలువ గుర్తున్న తలుపుకు దాన్ని ఎట్లా కడతారని హెడ్మిస్ట్రెస్ అమ్మ తీయించింది. మిల్లు సైరనుకు మొక్కలు బెదిరాయని కూడా ఒకామె అన్నది. సాయంత్రం ఇంటికి పోతూ వెనక్కి చూస్తే మా గది మీద లైటు అప్పుడే వెలిగేది. ఇదొక్కటన్నా సరిగ్గా జరుగుతోందని నాకు గుండె నిండేది.

ఒకరోజు బడి ఆయమ్మ గది తలుపుకడ్డంగా నిలబడింది. "ఎవురో బయటుండే పిల్ల లోపలికొస్తాంది. అందుకే మొగ్గ పట్టల్యా. ఎవురో చెప్పండి."

మేము ఒకరి ముఖాలొకరం చూసుకున్నాము. ఆ నెలలోనే పెద్దమనిషైన దర్జీ కూతురు ఏడ్చుకుంటూ పోయి ఇక ఆ గది వైపు రానేలేదు. టీచరమ్మకు కోపం వచ్చింది. "పిల్లల్నెందుకు అడుగుతావు ఆయమ్మా? దినామూ నేనూ వస్తాండా గదా, నన్నడుగు."

"అడిగేదేముందమ్మా," అన్నది ఆయమ్మ, చీపురు చంకలో పెట్టుకుంటూ. "నేనూ అదే అంటాండా. ఇంట్లో మొగుడు మంచం పట్టె, ఈడ మొక్కలు గొడ్డుబోయె. చెయ్యి అందరిదీ ఒగటేనా?"

టీచరమ్మ కుండీ మీదికి వంగింది. ఎంత మాటకైనా మాట పుట్టే మనిషి, కుండీలో గడ్డిపోచ పీకి, చేతిలో పెట్టుకుని అలాగే నిలబడింది. చేతివాసి మంచిది కాదనే మాట ఆ తర్వాత స్టాఫు రూములోనూ, హాస్టలు వంటింట్లోనూ తిరిగింది. మాకూ చెవిన పడింది. ఏ బిడ్డా గట్టిగా కాదనలేదు, ఎందుకంటే కాదనడానికి ఒక్క మొగ్గయినా చూపించాలి గదా.

ఆ ఏడు పీర్ల పండుగా, క్రిస్మసూ ఒకే నెలలో పడ్డాయి. మా ఇంట్లో పానకానికి బెల్లం దంచుతున్నారు, మలీదకు రొట్టెలు నలుపుతున్నారు. ఆ హడావుడిలో పెరట్లోకి పోయి చూస్తే, మూల నిలబడిన ఒక చామంతి నిండా మొగ్గలు! అది మా గదిదే. వేరు కుళ్ళిందని వానాకాలంలోనే టీచరమ్మ పారేస్తే, ఊరికే వస్తే ఏదీ వదలని నేను ఇంటికి తెచ్చి పడేశాను. దాదీ నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే నీళ్ళు దాని మొదట్లో పడేవి. అంతే దానికి జరిగిన సేవ. మాకు కరెంటు అంగట్లోనే ఉండేది. పెరట్లో పొద్దు గుంకితే కన్ను పొడుచుకున్నా కనపడదు.

పండుగ నాటికి విచ్చిన పూలను దాదీ పీర్ల సావిడికి తీసుకుపోయింది. మిగిలినవి చూపించి, "నీ టీచరమ్మకు తీస్కపో. పాపం, ఆమె మొగం గుర్తొస్తే నాకు ముద్ద దిగల్యా," అన్నది.

నేను అంగడి బుర్రతో ఆలోచించాను. మంచి గాజు ముందర పెడితే వెనక పెట్టెల్లో ఉన్నవన్నీ మంచివే అనిపిస్తాయి. కరస్పాండెంటు అయ్యగారు గదిని చూడటానికొచ్చే రోజు ఆ కుండీని రిక్షాలో పెట్టుకుని పోయి, తలుపుకెదురుగా మొదటి వరసలో నిలబెట్టాను. పసుపురంగు పూలు, ఇంకా విచ్చుకునే మొగ్గలు. టీచరమ్మ చూసి నా జడ పట్టుకుని ఊపింది.

అయ్యగారు వచ్చారు, వెనకాల హెడ్మిస్ట్రెస్ అమ్మ. అయ్యగారు పెద్దమనిషి, కసురుకునే రకం కాదు. లోపలంతా చూసి పూల కుండీ దగ్గర ఆగారు. "ఇదొక్కటే పూసిందే?"

టీచరమ్మ ఊరికే ఉంటే సరిపోయేది. నేను సైగ చేస్తూనే ఉన్నాను. "అది గదిలో పూసింది కాదు సార్," అన్నది ఆమె. "ఈ పిల్ల వాళ్ళింట్లోది."

"మొక్క వేరేదా?"

"మొక్క ఈ పిలకల్లోదే సార్. పనికిరాదని నేనే పారేసినాను."

ఆయన నా వైపు తిరిగారు. "ఏం ఎరువు వేశావమ్మా?"

ఏదో ఒక అబద్ధం చెప్పొచ్చు. అబద్ధాలకు నాకెప్పుడూ కరువు లేదు. కానీ ఏ అబద్ధం ఆమెకు పనికొస్తుందో ఆ క్షణాన తెలియలేదు. "ఏం ఎయ్యలేదు సార్. మా దాదీ కాళ్ళు కడుక్కునే నీళ్ళు."

ఆయన నెమ్మదిగా తలాడించారు. "అద్దాల గదీ లేదు, టీచరూ లేదు. ముసలమ్మ కాళ్ళు కడిగిన నీళ్ళకు పూసింది." అంతే అన్నారు. హెడ్మిస్ట్రెస్ అమ్మ నేల చూసింది.

"సార్!" అన్నాను. నాకు తెలిసింది అదొక్కటే విద్య. "ఈస్టరు దాకా ఆగండి సార్. అప్పటికి పూస్తాయి. గది అద్దాలు మేమే కడుగుతాము. నీళ్ళు మేమే మోస్తాము. టీచరమ్మ సగం జీతానికే చేస్తాది సార్!"

"గమ్మునుండు తల్లీ," అన్నది టీచరమ్మ నా వెనక నుంచి. ఆమె గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

అయ్యగారు నవ్వి, "అంగడోళ్ళ పిల్లా?" అని నా తల నిమిరి వెళ్ళిపోయారు. ధర పెంచితే మళ్ళీ అడగొచ్చు, కసిరితే ఏడ్చయినా అడగొచ్చు. తల నిమిరి పోయిన మనిషిని ఎక్కడ పట్టుకోవాలో అబ్బా నాకు నేర్పలేదు.

బడికి క్రిస్మసు సెలవులిచ్చిన రోజు టీచరమ్మ అందరితో పాటే సంచి భుజానికేసుకుని వెళ్ళింది. సెలవుల తర్వాత రాదని మాకు తెలుసు. నేను ఆ కుండీని చంకనెత్తుకుని బస్టాండుకు పరిగెత్తాను. ఎమ్మిగనూరు బస్సు నిండిపోయి ఉంది. కిటికీ పక్కన కూర్చుంది ఆమె. కింద ఉగ్గాని, బజ్జీల బండి చుట్టూ జనం, నూనె పొగ, డీజిలు పొగ.

"టీచరమ్మా, ఇది మీదే. తీస్కపోండి."

కిటికీలోంచి పూలను చూసి నవ్వింది. "ఎంత బాగ పూసినాయే! నువ్వే పెట్టుకో తల్లీ. నేను తీస్కపోతే ఇది కూడా..."

"ఏమయితాది?"

"ఏం లేదులే. నా చెయ్యి సంగతి నాకు ముందే తెలిసుంటే ఈ పని తలకెత్తుకుందునా? ఆయమ్మ అన్నందుకు కాదులే, నాకే అనిపిస్తాంది."

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూడా బేరమే చేశాను. "అయితే మీరు తాకొద్దు టీచరమ్మా. నీళ్ళు మీ బిడ్డతో పోపించండి. మీరు ఊరికే చూస్తాండండి. అట్లయితే తీస్కపోతారా?"

ధర కొంచెం తగ్గించి కుదుర్చుకుంటున్నాననే అనుకున్నాను నేను. ఆ చెయ్యి మంచిది కాదని నేనూ ఒప్పుకుని చెప్తున్నానని ఆ పదమూడో పద్నాలుగో ఏట నాకు తట్టలేదు. ఆమె కిటికీ చువ్వ మీది చేతులు తీసి కొంగులో చుట్టుకుంది. "వద్దులే తల్లీ. బాగ చదువుకో." కండక్టరు తలుపు మీద కొట్టాడు. బస్సు కదిలితే నేను చెయ్యి ఊపాను. ఆమె కొంగులోంచి చెయ్యి తీయలేదు. తల మాత్రం ఊపింది.

గదిని వేసవి సెలవుల్లో విప్పేశారు. ఆ తర్వాత నేను పదో తరగతి, పెళ్ళి, అబ్బా పోవడం, అంగడి నా చేతికి రావడం. ఎమ్మిగనూరుకు ఎన్నోసార్లు పోయాను, చీరలకు, పెళ్ళిళ్ళకు. ఒక్కసారీ ఆమెను వెతకలేదు. దొరికితే ఏం చెప్పాలో తెలియక.

ఈసారి చెప్పడానికి మాట దొరికింది. ఆ రైతును చూసి వచ్చిన కొద్ది దినాలకే మళ్ళీ ఎమ్మిగనూరు పోయి నేతగాళ్ళ వీధుల్లో తిరిగాను. మగ్గాల చప్పుడు ఇప్పుడు అక్కడొకటి ఇక్కడొకటి. అరుగు మీద కండెలు చుడుతున్న ఒక పెద్దాయన్ను అడిగాను. "అప్పా, ఈడ ఒక టీచరమ్మ ఉండె, ఆదోనికి దినామూ బస్సులో వస్తాండె."

"పేరేందమ్మా?"

మేము ఎప్పుడూ క్రాఫ్ట్ టీచరమ్మ అనే పిలిచాము. "ఆమె మొగుడు మగ్గం నేస్తాండె. దగ్గొచ్చి మానేసినాడు."

"దగ్గొచ్చి పోయినోళ్ళు ఈ వీధిలో శానామందమ్మా. ఏ ఇల్లని చెప్పాల?" అని లోపల్నుంచి నీళ్ళు తెప్పించి ఇచ్చాడు. "ఏమన్నా ముఖ్యమైన పనా?"

"ఒక మాట చెప్పల్ల."

"ఏం మాట?"

చెప్పాను. అద్దాల గది, మిల్లు లైటు, రాత్రి తెలియని చామంతి, అన్నీ. ఆమె చేతిలో ఏ దోషమూ లేదని చెప్పాను. ఆయన కండె ఆపి మొదటి నుంచి చివరి దాకా విన్నాడు.

"అట్లనా," అన్నాడు. "సరేలేమ్మా, యాడన్నా కనపడితే చెప్తాలే."

ఎవరికి చెప్తాడో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. అయినా, "మర్చిపోవద్దప్పా," అని రెండుసార్లు చెప్పి వచ్చాను.